రెండున్నరేళ్ల పాపకి జంతువుల పుస్తకాలు: కొనేముందు బొమ్మని పరీక్షించండి

మీ ప్రశ్నలో చాలా ప్రశ్నలు కలిసి ఉన్నాయి. పాపకి రెండున్నరేళ్లు, ఉండేది హైదరాబాద్‌లో ఫ్లాట్‌లో. ఆన్‌లైన్లో తెప్పించిన జంతువుల పుస్తకాలు బోలెడున్నాయి, అన్నీ ఇంగ్లీషువే. లాగితే కదిలేవీ, నొక్కితే అరిచేవీ కూడా ఉన్నాయి. పాప మాత్రం వాటినన్నిటినీ వదిలేసి ఒకే పాత పుస్తకం పట్టుకుని రోజూ అదే చదవమంటోంది. పెంగ్విన్‌నీ జీబ్రానీ ఇట్టే గుర్తుపడుతుంది గానీ బాల్కనీ రెయిలింగ్ మీద వాలిన గోరింకని చూసి "కాకి" అంటోంది. ఏ వయసుకి ఎలాంటివి కొనాలి, తెలుగులో ఎక్కడ దొరుకుతాయి, పేజీలు చింపేస్తుంటే ఏం చెయ్యాలి అన్నారు. పిల్లల గ్రంథాలయం నడుపుతూ, బొమ్మల పుస్తకాలకి పాఠం సరిచూసే పని కూడా చేస్తూ వచ్చిన మనిషిని కాబట్టి తెలిసింది చెబుతాను. కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

ముందు గోరింక సంగతి. దాని గురించి బెంగపెట్టుకోకండి. ముదురు రంగులో ఉంది, ఎగిరింది, అరిచింది, కిటికీ దగ్గరికొచ్చింది. తనకి తెలిసిన పేర్లలో దగ్గరగా ఉన్నది తగిలించింది, అంతే. ఈ వయసులో కనిపించిన నాలుగుకాళ్ల జీవాన్నల్లా "బౌ బౌ" అనే పిల్లలూ ఉంటారు. ఒక పేరు రెండుగా విడిపోవాలంటే తేడా ఎక్కడుందో ఎవరో ఒకరు వేలు పెట్టి చూపించాలి: గోరింకకి కంటి పక్కన పసుపు, ముక్కు పసుపు, కాళ్లు పసుపు, ఎగిరితే రెక్కలో తెల్లమచ్చ. బాల్కనీలో గోరింక మీ వేలు లేచేదాకా ఆగదు. పుస్తకంలోది ఆగుతుంది. బొమ్మల పుస్తకం వల్ల అసలు లాభం ఇదే. అందుకని పుస్తకం తెరిచినప్పుడు నేను అడిగే ప్రశ్న ఒకటే: ఈ బొమ్మ చూసిన పిల్ల రేపు అసలుదాన్ని చూస్తే గుర్తుపడుతుందా? అట్ట బాగుందా, ఎన్ని పేజీలు, ఎన్ని జంతువులు అన్నవి ఆ తర్వాతే.

మన అక్షరమాల పటాన్నే ఈ ప్రశ్నతో చూడండి. ఆ ఆవు, ఈ ఈగ, ఉ ఉడుత, ఎ ఎలుక, ఏ ఏనుగు, ఒ ఒంటె. అచ్చులు పూర్తయ్యేసరికి చిన్న జూ తయారవుతుంది. ఈ అలవాటు మనది ఒక్కరిదే కాదు. మొరేవియాలో పుట్టిన కొమీనియస్ అనే పంతులు 1658లో న్యూరెంబర్గ్‌లో అచ్చువేయించిన లాటిన్ పాఠ్యపుస్తకాన్ని పిల్లల కోసం వచ్చిన తొలి బొమ్మల పుస్తకాల్లో ఒకటిగా చెబుతారు. అందులో అక్షరాల పేజీ కాకి అరుపుతో మొదలవుతుంది, రెండో అక్షరానికి గొర్రెపిల్ల "బే" అంటుంది. మన అమ్మమ్మలు కావ్ కావ్, మే మే, బెకబెక, కిచకిచ అంటూ చేయించేదీ అదే. మాటలు సరిగా రాని పిల్ల కూడా అరుపు అనగలదు, అనేసి నవ్వుతుంది. ఆ వరకు పటం బాగానే పనిచేస్తుంది. ఇబ్బందల్లా ఈగా ఏనుగూ ఒకే సైజు గడిలో కూర్చోవడంతో. అక్షరం గుర్తుండటానికి ఆ గడి చాలు, ఈగని పరిచయం చెయ్యడానికి చాలదు. మంచి పుస్తకంలో ఈగ దేనిమీదో ఒకదాని మీద వాలి ఉంటుంది, మామిడిపండు ముక్క మీదో, ఆవు చెవి మీదో. పక్కనే తెలిసిన వస్తువు ఉంటే ఇంకెవరూ సైజు గురించి చెప్పక్కర్లేదు.

కొన్ని తప్పులు ఎంత మామూలైపోయాయంటే పెద్దవాళ్లు గమనించరు కూడా. సాలీడుకి ఆరు కాళ్లు వేస్తారు, ఎనిమిదుండాలి. చీమకి ఆరు కాళ్లూ నడుమ భాగం నుంచే రావాలి, వెనక పొట్ట నుంచి కాదు. అమ్మ ఏనుగుకి పొడుగాటి దంతాలు పెడతారు. మన దేశపు ఆడ ఏనుగుకి అలాంటివి బయటికి కనబడవు. చాటంత చెవులు వేస్తే అది ఆఫ్రికా ఏనుగు అవుతుంది. "నెమలి అమ్మా, నెమలి పిల్లలూ" అని రాసి అమ్మకి పురి విప్పిస్తారు. పురి మగదానికే ఉంటుంది. మంచుగడ్డ మీద పెంగ్విన్‌నీ తెల్ల ఎలుగుబంటినీ పక్కపక్కన నిలబెడతారు. ఒకటి దక్షిణ ధ్రువం వైపుది, ఇంకోటి ఉత్తర ధ్రువం వైపుది, సొంతంగా ఎప్పటికీ కలుసుకోలేవు. ఇంకొన్ని పుస్తకాల్లో పాము గిన్నెలో పాలు తాగుతుంది. సీతాకోకచిలుక పట్టుగూడు లాంటి దాంట్లోంచి బయటికొస్తుంది. నల్లమల అడవికి సింహం రాజు. ఇవన్నీ తప్పులే. నల్లమలలో ఉన్నది పులి. మన దేశంలో అడవి సింహాలుండేది గుజరాత్‌లో, గిర్ పరిసరాల్లోనే. పంచతంత్రం కథలో సింహం రాజ్యం ఏలుకోనివ్వండి, ఎవరికీ అభ్యంతరం లేదు. "మన అడవి జంతువులు" అని పేరు పెట్టిన పుస్తకంలో మాత్రం నేను ఒప్పుకోను.

తప్పు లేకపోయినా సరిపోని బొమ్మలూ ఉంటాయి. దీనికి నేనెప్పుడూ చెప్పే ఉదాహరణ పాలపిట్ట. తెలంగాణ రాష్ట్ర పక్షి, దసరానాడు చూడాలని జనం వెతుక్కుంటూ వెళతారు. కరెంటు తీగ మీద కూర్చున్నప్పుడు ఎద, వీపు గోధుమరంగులో చప్పగా కనిపిస్తుంది. ఎగిరిందంటే నీలం విచ్చుకుంటుంది. కూర్చున్న బొమ్మ ఒక్కటే వేస్తే పిల్ల ఎగిరేదాన్ని పోల్చుకోదు, ఎగిరే బొమ్మ ఒక్కటే వేస్తే తీగ మీద ఉన్నదాన్ని పోల్చుకోదు. రెండూ వేసిన చిత్రకారుడు దాన్ని నిజంగా చూశాడని అర్థం. (పండగ పూట పంజరంలో పెట్టి డబ్బులకి చూపించేవాళ్ల దగ్గర మాత్రం చూడకండి. రెక్కలు కట్టేసి తెస్తారు, అది నేరం కూడా.)

ఇక మాట్లాడే జంతువులు. చొక్కా వేసుకున్న ఎలుగుబంటి, బడికెళ్లే కుందేలు పిల్లలకి ఇష్టమే, కథగా హాయిగా చదవండి. జంతువుల గురించి నేర్పడానికి మాత్రం వాటి మీద ఆధారపడకండి. టొరంటో విశ్వవిద్యాలయ పరిశోధకురాలు పాట్రీషియా గానియా బృందం మూడు నుంచి అయిదేళ్ల పిల్లలకి వాళ్లు ఎప్పుడూ వినని జంతువుల గురించి పుస్తకాలు చదివి చూసింది, ఫలితాలు 2014లో వచ్చాయి. జంతువు మనిషిలా మాట్లాడినట్టు రాసిన పుస్తకం విన్న పిల్లలు నిజం జంతువులకి కూడా మనిషి స్వభావాలు అంటగట్టారు. వాళ్లలో చిన్నవాళ్లయితే కొత్త విషయాలు నేర్చుకోవడంలో కూడా వెనకబడ్డారు. కాబట్టి ఇంట్లో రెండు రకాలూ ఉండనివ్వండి, ఒకదాని పని ఇంకోదానికి అప్పజెప్పకండి.

లాగితే కదిలే పుస్తకాల గురించి మీకు నచ్చని సమాధానమే చెప్పాలి. ఖరీదు ఎక్కువ, ఫలం తక్కువ. 2010లో అమెరికాలో ఏడాదిన్నర నుంచి మూడేళ్ల లోపు పిల్లలతో చేసిన అధ్యయనంలో, మామూలు పేజీల పుస్తకం చూసిన పిల్లలకంటే తెరుచుకునే, లేచి నిలబడే బొమ్మల పుస్తకం చూసినవాళ్లు జంతువుల గురించి తక్కువ నేర్చుకున్నారు. కారణం ఊహించడం కష్టం కాదు, ధ్యాసంతా అట్టముక్కని పీకడం మీదే ఉంటుంది. ఆడుకునే వస్తువుగా అయితే ఉంచండి. నొక్కితే అరిచేవాటి విషయంలో ఇంకో జాగ్రత్త: లోపల బిళ్ల బ్యాటరీలుంటాయి. వాటి మూతకి స్క్రూ బిగించి ఉందో లేదో ఇవాళే చూడండి. లేకపోతే ఆ పుస్తకం ఇంట్లోంచి తీసెయ్యండి. పిల్ల బిళ్ల బ్యాటరీ మింగితే అది గొంతులో ఇరుక్కుని రెండు గంటల్లోనే లోపల కాలేలా చేస్తుంది. మింగిందని అనుమానం వచ్చినా చాలు, ఆగకుండా ఆసుపత్రికి పరిగెత్తాలి.

"వంద జంతువులు" లాంటి పుస్తకాలు కూడా ఈ వయసుకి వద్దు. ఒక్కో పేజీలో పన్నెండు గళ్లు, గడికొక బొమ్మ. అది అంగడి జాబితా అవుతుంది గానీ పుస్తకం అవదు. ఇంగ్లండ్‌లో ససెక్స్ విశ్వవిద్యాలయంలో జో ఫ్లాక్, జెసికా హోర్స్ట్ మూడేళ్లు దాటిన పిల్లలతో చేసిన ప్రయోగంలో, తెరిచిన రెండు పేజీల్లో ఒకే బొమ్మ ఉన్నప్పుడు, రెండు బొమ్మలున్నప్పటికంటే దాదాపు రెట్టింపు కొత్త మాటలు పట్టుబడ్డాయి. చదివే మనిషి మొదట చెయ్యి ఊపి ఏ పేజీ బొమ్మ చూడాలో చూపించినప్పుడు ఆ నష్టం పోయింది. అంటే మీ దగ్గర ఇప్పటికే అలాంటి పుస్తకాలుంటే పారెయ్యక్కర్లేదు. తెల్ల కాగితం ఒకటి పెట్టి మిగతా గళ్లు కప్పేసి, ఒక్క బొమ్మ మీద వేలు పెట్టండి.

వయసు సంగతికొస్తే, తొమ్మిది నెలల పిల్లలు పుస్తకంలో బొమ్మని పట్టుకుని పైకి తియ్యాలని చూస్తారు, గోళ్లతో గీకుతారు. జూడీ డిలోష్ అనే పరిశోధకురాలు ఈ సంగతి గమనించి 1998లో ప్రచురించింది. ఏడాదిన్నర దాటేసరికి తీసే ప్రయత్నం మాని వేలు పెట్టి చూపించడం మొదలుపెడతారు. రెండేళ్ల చుట్టుపక్కల అసలుదానికి దగ్గరగా ఉన్న బొమ్మలే మేలు, ఫొటోలు మరీ మంచిది. పుస్తకంలో చూసిందాన్ని చేతల్లో చెయ్యగలరా అని సిమ్‌కాక్, డిలోష్ 2006లో పరీక్షిస్తే, గీతల బొమ్మలకంటే రంగు ఫొటోలు చూసిన చిన్నపిల్లలే బాగా చేశారు. మీ పాపకి ఇంకో ఏడాది దాకా ఇదే లెక్క పెట్టుకోండి. నాలుగేళ్లొచ్చాక గోండు చిత్రాల పుస్తకాలైనా, చెరియాల్ బొమ్మల తరహావైనా చూపించండి. కొమ్ముల్లోంచి చెట్టు మొలిచిన జింకని అప్పుడు ముచ్చటగా చూస్తుంది, ఇప్పుడైతే ఏమీ అర్థం కాదు.

ఫొటోలు మంచివన్నాను గానీ, చేత్తో వేసిన బొమ్మే నాకు ప్రాణం. మా తరం రాదుగ, ప్రగతి అనే సోవియట్ ప్రచురణాలయాల తెలుగు పుస్తకాలతో పెరిగింది. విశాలాంధ్ర దుకాణాల్లో చాలా చవగ్గా దొరికేవి. చారూషిన్ అనే రష్యన్ చిత్రకారుడు వేసిన ఎలుగు పిల్లలు, తోడేలు పిల్లలు చూడండి. చుట్టూ గీత ఉండదు, బొచ్చుతోనే ఆకారం తేలుతుంది. వేలితో తడమాలనిపిస్తుంది. మంచు తెలియని కోస్తా పిల్లలకి ఆ ఎలుగుపిల్ల ఎంత బరువుంటుందో, ఎంత మెత్తగా ఉంటుందో తెలిసిపోయేది. పాత పుస్తకాల షాపుల్లో ఎప్పుడైనా తగిలితే వదలకండి.

ఒకే పుస్తకం మళ్లీ మళ్లీ చదవమనడం గురించి: చదవండి. మూడేళ్ల పిల్లల మీద హోర్స్ట్ బృందమే 2011లో చేసిన పరిశోధనలో, కొత్త మాటలు వేర్వేరు కథల్లో విన్నవాళ్లకంటే ఒకే కథలో పదేపదే విన్నవాళ్లకి బాగా పట్టుబడ్డాయి. మీకు విసుగొస్తే నాన్న చేతికివ్వండి.

చదవడం ఎలా అన్నది మీరు అడగలేదు, నిజానికి అన్నిటికంటే ముఖ్యం అదే. గ్రోవర్ వైట్‌హర్స్ట్ అనే అమెరికా పరిశోధకుడి బృందం 1988లో ఒక ప్రయోగం చేసింది. కొందరు తల్లిదండ్రులకి మామూలుగా చదవకుండా పిల్లని మాట్లాడించమని, పిల్ల అన్నదానికి ఇంకాస్త కలిపి తిరిగి చెప్పమని నేర్పారు. నెల రోజుల్లోనే ఆ పిల్లల మాట మిగతా పిల్లలకంటే ముందుకెళ్లింది. మన ఇళ్లలో అయితే ఇలా ఉంటుంది:

"ఇదేంటమ్మా?"
"పిట్ట."
"అవును, గోరింక పిట్ట. ముక్కు ఏ రంగులో ఉందీ?"
"పచ్చగా."
"పసుపు పచ్చగా ఉంది. ముక్కులో ఏం పట్టుకుంది?"
"పురుగు!"
"పురుగుని ఎక్కడికి తీసుకెళ్తోందో?"
"ఇంటికి. పాపకి."

"ఇదేంటి, ఇదేంటి" అని పేజీ పేజీకీ పరీక్ష పెడితే పిల్ల లేచిపోతుంది. పేరు ఒకసారి అడగండి, ఆ తర్వాత ఏం చేస్తోంది, ఎక్కడికి పోతోంది, ఎందుకు దాక్కుంది అని అడగండి. జవాబు రాకపోతే మీరే చెప్పి ముందుకెళ్లండి. కింద రాసిన వాక్యం పూర్తి చెయ్యాలన్న రూలేమీ లేదు.

అందుకే మీ దగ్గరున్న ఇంగ్లీషు పుస్తకాలూ పనికొస్తాయి. బొమ్మ చూస్తూ మీ ఇంట్లో మాట్లాడే తెలుగులో చెప్పండి, కింద ఏం రాసుందన్నది పాపకి ఇప్పుడు అక్కర్లేదు. అమెరికాలో, గల్ఫ్‌లో ఉన్న మన పిల్లలకి కూడా నేను ఇదే చెబుతాను, వాళ్లకి తెలుగు పుస్తకం చేరడమే కష్టం. పెంగ్విన్ తెలియడం వల్ల నష్టం లేదు. దానితోపాటు ఉడుత, బల్లి, చీమ, గొంగళిపురుగు, తొండ, కొంగ కూడా పుస్తకంలో ఉండాలి, ఎందుకంటే ఇవి పాపకి ఎదురుపడతాయి. మీ ఊళ్లోనే కేబీఆర్ పార్కులో పొద్దున్నే వెళితే నెమలి కనబడే అవకాశం ఉంది. ఏనుగునీ పులినీ చూడటానికి నెహ్రూ జూ పార్కు ఉంది. సెలవులకి గుంటూరు వైపు వెళితే ఉప్పలపాడు చెరువు, నెల్లూరు వైపయితే నేలపట్టు, సిక్కోలు వైపయితే తేలినీలాపురం: చలికాలంలో మూడు చోట్లా చెట్ల మీద పక్షుల గూళ్లు, పిల్లలు, గోల. వెళ్లే ముందు వారం గూడబాతు (పెలికన్) బొమ్మ చూపించి ఉంచండి. సంచిలాంటి ఆ ముక్కుని పాప తనంతట తనే పట్టేస్తుంది.

ఇవన్నీ కుదరకపోతే బాల్కనీలో కరివేపాకు మొక్క పెట్టండి, మందులు కొట్టకండి. మార్కెట్లో దొరికే ఏ "సీతాకోకచిలుక జీవితచక్రం" పుస్తకమూ దీనికి సాటి రాదు. నిమ్మ, కరివేపాకు జాతి మొక్కలు వెతుక్కుంటూ వచ్చే సీతాకోకచిలుకలున్నాయి. లేత ఆకు మీద లేత పసుపు గుడ్డు ఒక్కటే పెట్టి పోతుంది, ఆవగింజకంటే చిన్నది. అందులోంచి వచ్చే పురుగు మొదట్లో అచ్చం పిట్ట రెట్టలా ఉంటుంది, అందుకే పిట్టలు దాని జోలికి పోవు. పెద్దయ్యాక ఆకుపచ్చగా మారిపోతుంది. పుల్లతో మెల్లగా తాకితే తల వెనక నుంచి రెండు కొమ్ముల్లా ఎర్రగానో నారింజరంగులోనో ఏదో బయటికి తోసి ఘాటైన వాసన వదులుతుంది. తర్వాత కాడకి దారం కట్టుకుని ప్యూపా అవుతుంది. చుట్టూ పట్టుగూడేమీ ఉండదు, ఆకుముక్కలా కనబడే తొడుగు మాత్రమే. ఇంకో రెండు వారాలకి అటూ ఇటూగా సీతాకోకచిలుక బయటికొస్తుంది. నలుపు మీద పసుపు మచ్చలున్నది కావచ్చు, నల్లరెక్కలకి తెల్లచుక్కల వరసున్నది కావచ్చు. ఆకులు పోతాయని చింతించకండి, మళ్లీ చిగురిస్తుంది.

ప్రతి దశకీ ఫోన్‌లో ఒక ఫొటో తియ్యండి. పక్కన పాప వేలు కూడా పడేలా తీస్తే సైజు తెలుస్తుంది. జిరాక్సు షాపులో మందపాటి కాగితం మీద కలర్ ప్రింటు తీయించి, ల్యామినేషన్ చేయించి, మూలలు కత్తెరతో గుండ్రంగా కత్తిరించి, స్పైరల్ బైండింగ్ వేయించండి. పేజీకి ఒక ఫొటో, కింద ఒక చిన్న వాక్యం, అదీ పాప అన్న మాటే. "పురుగు ఆకు తినేసింది." మా గ్రంథాలయంలో పిల్లలు పీకులాడుకున్న పుస్తకాల్లో ఇలా ఇంట్లో చేసినవే ఎక్కువ.

కొనడానికైతే తెలుగులో దొరకవన్న మాట నిజం కాదు, పెద్ద షాపుల్లో కనబడవంతే. హైదరాబాద్‌లో "మంచి పుస్తకం" అనే ప్రచురణ సంస్థ వాళ్లు చాలా ఏళ్లుగా పిల్లల పుస్తకాలే వేస్తున్నారు, ధరలు కూడా అందుబాటులో ఉంటాయి. చెన్నైలోని తూలిక అనే ప్రచురణ సంస్థ వాళ్లవి తెలుగు, ఇంగ్లీషు పక్కపక్కన ఉండే బొమ్మల పుస్తకాలు, చిత్రాల నాణ్యత బాగుంటుంది. నేషనల్ బుక్ ట్రస్ట్ 1957 నుంచి నడుస్తున్న సంస్థ, పాత ముద్రణల్లో కొన్నిటికి కాగితం నాసిగా ఉన్నా బొమ్మలు నిజాయితీగా ఉంటాయి. ప్రథమ్ బుక్స్ 2015లో స్టోరీవీవర్ అనే వెబ్‌సైట్ పెట్టింది. అందులో తెలుగు పుస్తకాలు ఉచితంగా చదవచ్చు, దించుకుని ప్రింటు తీసుకోవచ్చు. మీ పాపకి మొదటి స్థాయివి చూడండి. అక్కడ అనువాదాలు ఎవరైనా చెయ్యచ్చు కాబట్టి కొన్ని చదువుతుంటే నాలుక తడబడుతుంది. ముందు మీరొక్కరే పైకి చదివి చూసుకోండి, ఎక్కడ ఆగారో అక్కడ మాట మార్చి చెప్పేయండి. వీలైతే చలికాలంలో జరిగే హైదరాబాద్ పుస్తక ప్రదర్శనకి వెళ్లి, పేజీలు తిప్పి చూసి కొనండి. తెర మీద అట్ట చూసి కొన్న పుస్తకంలో సాలీడుకి ఎన్ని కాళ్లున్నాయో ముందు తెలియదు కదా.

చివరగా చింపడం. ఈ వయసులో కాగితం ఏం చేస్తుందో చూడాలన్న కుతూహలమే ఎక్కువ, కాబట్టి చింపుకోవడానికి పాత పేపర్లు విడిగా ఇవ్వండి. అట్టపేజీల పుస్తకాలు తన చేతికి అందేచోట, పల్చటి కాగితంవి పై అరలో, మీ ఒళ్లో కూర్చున్నప్పుడు మాత్రమే. వానాకాలంలో అట్టపుస్తకం నోట్లో పెట్టుకుంటే తడి లోపలికి పోయి బూజు పడుతుంది, తుడిచి ఫ్యాను గాలికి తెరిచి పెట్టండి. చిరిగిన పేజీకి సెల్లోటేపు వెయ్యకండి, కొన్నేళ్లకి పచ్చబడి జిగురు పక్క పేజీకి అంటుకుంటుంది. మైదా ఉడికించిన జిగురు పల్చగా రాసి, గాలిపటాలకి వాడే తెల్లటి పల్చని కాగితం సన్నగా కత్తిరించి చిరుగు మీద అతికించండి. పాత బైండర్లు పురుగు పట్టకుండా మైదాలో మైలుతుత్తం కలిపేవాళ్లు, అది విషం, పిల్లల పుస్తకానికి వద్దు. అతికించాక అటూ ఇటూ ప్లాస్టిక్ కాగితం పెట్టి, మూసి, పైన రెండు లావుపాటి పుస్తకాలు బరువు పెట్టి ఒక రాత్రి వదిలెయ్యండి.